దానిమ్మకు కట్టిన గుడ్డపీలికలు

మరిదీ, కత్తెర పట్టుకుని పెరట్లోకి దిగేముందు ఇది చదువు. దానిమ్మ మీద చెయ్యి వెయ్యకు. ఎండలు ముదరకముందే కొమ్మలు కత్తిరించమని నిన్ను పిలిచిందీ నేనే, ఇప్పుడు ఆగమంటున్నదీ నేనే. తిట్టుకోకు.

ఏం జరిగిందంటే, కొట్టెయ్యాల్సిన కొమ్మలకు గుర్తుగా నేను పాత దిండు గలీబు చింపి పీలికలు కట్టాను. పొద్దున చూస్తే నేను కట్టినవాటికి రెట్టింపు ఉన్నాయి. మీ అన్నయ్యను రాయబారం పంపితే తేలిందేమిటంటే, మీ అమ్మ ఉంచాల్సిన కొమ్మలకు కట్టిందట, అదే గలీబుతో! తనవేవో ఆవిడకూ గుర్తులేదట. మేమిద్దరం మాట్లాడుకోవడం లేదని నీకు తెలిసిందేగా. ఒక్క మాట అనుకుని ఉంటే ఈ గోలే లేదు. గోటితో బెరడు గీకి చూశాను. ఒకచోట పచ్చగా ఉంది, జానెడు పైన ఎండుపుల్లలా ఉంది. ఆ కొమ్మ చచ్చిందో నిద్రపోతోందో నాకు అంతుపట్టలేదు. నిరుడే తొలికాపు కాసిన చెట్టు, తప్పు కొమ్మ నరికితే ఈ ఏడు పూత చూడం.

నువ్వు పాదు తవ్వి, గోడవారనున్న మాగిన ఎరువు వెయ్యి. గులాబీలు కత్తిరించు, వాటికి ఎవరూ ఏమీ కట్టలేదు. నాకు బస్సు వేళయింది.

వెనక్కొచ్చి రాస్తున్నాను. గడప దాటుతుంటే మీ అమ్మ, "చిగురొచ్చేదాకా ఆ చెట్టు జోలికి ఎవరూ పోకండి" అంది. నాతో అందో, గోడ మీది పిల్లితో అందో తెలియలేదు. "అలాగే అత్తయ్యా" అనేశాను.