మూడో అంతస్తు, పోర్ట్ పదిహేడు

మార్చి 4, సోమవారం

కన్సల్టెంట్ దిగాడు. మేనేజర్ ఏరికోరి తెచ్చుకున్న మనిషి. మెడలో టై, చేతిలో టాబ్లెట్, నోటినిండా సలహాలు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడని ఊరికే అనలేదు, వచ్చిన గంటలోనే నా సర్వర్ రూమ్‌లో కుర్చీ జరిపించాడు. పొద్దునపూట నెట్‌వర్క్ కాసేపు ఎందుకు తడబడుతోందో కనిపెడతాడట. ఎందుకో నాకు తెలుసు. చెప్పను.

ఈ నీటి సరఫరా ఆఫీసులో అంతస్తుకో స్విచ్, అంటే ఆ అంతస్తు కేబుళ్లన్నీ వరస పోర్టుల్లో తగిలించే పెట్టె. ఒక కేబుల్ పోయినా పని ఆగకూడదని వాటి మధ్య అదనంగా ఇంకొన్ని కేబుళ్లు లాగాం. అన్నీ ఒకేసారి తెరిచి ఉంటే డేటా గానుగెద్దులా గుండ్రంగా తిరుగుతూనే ఉంటుంది. అందుకే స్పానింగ్ ట్రీ. అది ఒక స్విచ్‌ను రూట్‌గా, అంటే పెద్దగా ఎన్నుకుని, అక్కర్లేని దారులు మూసిపెడుతుంది. రోజూ వచ్చీ రాగానే నేను చేసే పని దాని స్టేటస్ చూడడం. రూట్ ఎవరు, ఏ పోర్ట్ తెరిచి ఫార్వర్డింగ్‌లో ఉంది, ఏది మూసి బ్లాకింగ్‌లో ఉంది, చివరిసారి మార్పు ఎప్పుడు వచ్చింది, ఏ పోర్ట్ నుంచి వచ్చింది.

ఆ చివరిదాని కోసమే చూస్తాను. మనుషుల కంప్యూటర్లు తగిలించే పోర్టులకు ఎడ్జ్ అని పెట్టాలి. పెడితే ఆ కంప్యూటర్ ఆన్ అయినా ఆఫ్ అయినా స్విచ్‌లు పట్టించుకోవు. పెట్టకపోతే ప్రతిసారీ టోపాలజీ, అంటే దారుల అల్లిక, మారిందని బిల్డింగంతా దండోరా వేసుకుంటాయి. అన్నిటికీ పెట్టాను, మూడో అంతస్తులో పదిహేడో పోర్ట్‌కు తప్ప.

అది డ్రాయింగ్ సెక్షన్. అక్క కూర్చునే టేబుల్.

మార్చి 5

రాత్రి నిద్ర పట్టలేదు. ఆ టైవాడివల్ల పాతవన్నీ గుర్తొచ్చాయి.

అక్కతో మాటల్లేక తొమ్మిదేళ్లు. ఒకే ఆఫీసు, ఒకే గేటు. పెళ్లితో ఆమె ఇంటిపేరు మారింది కాబట్టి మేమిద్దరం ఒక తల్లి పిల్లలమని ఇక్కడ ఎవరికీ తెలియదు. నేను లిఫ్ట్ దగ్గర ఉంటే ఆమె మెట్లు ఎక్కుతుంది. మోకాళ్ల నొప్పులతోనే ఎక్కుతుంది.

అమ్మ పోయాక కుట్టుమిషన్ దగ్గర మొదలైంది. నాకంటే నాకన్నాం. తర్వాత నీకే నీకే అని దెప్పుకున్నాం. అమ్మను నువ్వేం చూశావంటే నువ్వేం చూశావనుకున్నాం. పిట్టపోరు పిట్టపోరు పిల్లి తీర్చిందన్నట్టు, ఆ మిషన్ మీద ఇప్పుడు అమ్మ పక్కింటావిడ పరికిణీలు కుడుతోంది.

పోర్టులు సెట్ చేసిన రోజు టేబుల్ టేబుల్‌కీ తిరిగి ఎవరిది ఏ పోర్టో చూసుకున్నాను. అక్క టేబుల్ దగ్గరికి వెళ్లలేకపోయాను. ఆ ఒక్కటీ అలాగే వదిలేశాను. మర్నాడు పొద్దున స్టేటస్‌లో కనిపించింది. చివరి మార్పు రెండు నిమిషాల క్రితం, పోర్ట్ పదిహేడు నుంచి. అంటే అక్క వచ్చింది, కంప్యూటర్ ఆన్ చేసింది. ఆమె వచ్చినందుకు బిల్డింగంతా కాసేపు తడబడింది. నాకు ఏడుపొచ్చింది. ఇక సరిచేయలేదు.

వచ్చిందంటే ఒంట్లో బాగున్నట్టే. అంతకుమించి నాకేమీ తెలియదు.

మార్చి 8, శుక్రవారం

చివరి మార్పు నిన్న సాయంత్రం. ఇవాళ లేదు.

మార్చి 11

లేదు. ఏ జలుబో చేసి ఉంటుంది. ఎప్పుడైనా రెండు మూడు రోజులు రాకుండా ఉంటుంది.

మార్చి 13

మా ఆవిడకు చెప్పాను. ఒక్క ఫోన్ చేస్తే నీ సొమ్మేం పోతుందని అడిగింది. పెద్దది ఆమె కదా, ఆమె చేయొచ్చు కదా అన్నాను. తమ్ముడూ అక్కా ఇద్దరూ ఇద్దరే, ఎవరు పట్టిన కుందేలుకైనా మూడే కాళ్లు అంది. ఫోన్ తీసుకెళ్లి నా కంచం పక్కన పెట్టి పడుకుంది.

చేయలేదు. బాగుందని ఎత్తితే ఏం మాట్లాడాలి? బాగాలేదని ఎత్తితే ఏం మాట్లాడాలి?

మార్చి 15

టైవాడికి దొరికిపోయాను. పోర్ట్ పారామీటర్లన్నీ ప్రింట్ తీశాడు. రోల్, స్టేట్, కాస్ట్, ప్రయారిటీ, ఎడ్జ్. వరసన అన్నీ ఎస్, ఎస్, ఎస్, మధ్యలో ఒక్క నో. దాని చుట్టూ ఎర్ర గీత గీశాడు. తడబాటుకు కారణం ఇదేనండీ, మీకు తెలియదా అని వినయంగానే అడిగాడు. అక్కడ డ్రాయింగులు ప్రింట్ చేసే పాత ప్లాటర్ ఉంది, ఎడ్జ్ పెడితే మొరాయిస్తుంది అన్నాను. ఎంత మొరాయించినా సరే, వచ్చే నెల పదో తారీకులోగా పెట్టేయాలన్నాడు. ఈ వారమంతా తడబాటే లేదు కదా, బహుశా ప్లాటర్ పాడైపోయిందేమో అన్నాడు.

బాత్రూమ్‌లోకి వెళ్లి కుళాయి తిప్పి నిలబడ్డాను.

మార్చి 21

ఇవాళ కూడా లేదు. గంటకోసారి చూస్తున్నాను. అదే తేదీ, అదే పోర్ట్. చివరి మార్పు జరిగి ఎంతసేపైందో రోజులు పోయి వారాల్లో చూపిస్తోంది. ఇంత నిలకడగా ఈ నెట్‌వర్క్ ఎప్పుడూ లేదు. మేనేజర్ పిలిచి మెచ్చుకున్నాడు. టైవాడి చలవ అన్నాడు.

మధ్యాహ్నం ఉండబట్టలేక మెట్లెక్కాను. రెండో అంతస్తు దాటాక కాళ్లు ఆగిపోయాయి. వెళ్లి ఏమని అడగాలి? ఆవిడ ఏమైందండీ అంటే, మీరెవరండీ అంటారు. తమ్ముణ్ణి అనాలి. ఇన్నేళ్లూ ఏం చేస్తున్నావంటారు. కింద కూర్చుని పోర్ట్ చూస్తున్నానని చెప్పాలి. దిగొచ్చేశాను.

నేను పిరికివాణ్ణి. దానికి రోషమని పేరు పెట్టుకున్నాను.

ఏప్రిల్ 8, సోమవారం, ఉదయం

వచ్చింది.

కళ్లముందే వచ్చింది. పోర్ట్ పదిహేడు, డౌన్ అని ఉన్నది అప్ అయింది. బ్లాకింగ్. లిజనింగ్. లెర్నింగ్. ఆ అరనిమిషం ఊపిరి బిగబట్టాను. ఫార్వర్డింగ్. బిల్డింగంతా తడబడింది. ఫస్ట్ ఫ్లోర్ నుంచి అప్పుడే ఫిర్యాదు. ఫోన్‌లో వాళ్లు తిడుతుంటే నేను నవ్వుతున్నాను.

ఇవాళ వెళ్తాను. ముందు నేనే మాట్లాడతాను. తిడితే తిట్టించుకుంటాను. ఇది రాసి లేస్తున్నాను.

అదే రోజు, సాయంత్రం

అక్క కుర్చీలో ఎవరో అమ్మాయి. పొడుగు జడ, కొత్త ఐడీ కార్డు. నన్ను చూసి లేచి నిలబడి, ఇందాక నెట్ రాలేదు సార్, కాసేపటికి అదే వచ్చింది, నేనేమైనా తప్పు నొక్కానా అని అడిగింది. లేదమ్మా అన్నాను. తర్వాత ఏమన్నానో గుర్తులేదు.

సెక్షన్ ఇన్‌ఛార్జ్ చెప్పాడు. నెల క్రితం ఇంట్లోనే స్ట్రోక్ వచ్చి పడిపోయిందట. కుడివైపు అంతా పోయింది, మాట పోయింది, ఇంకా ఆస్పత్రిలోనే ఉంది, ఇక రాదండీ ఆవిడ అన్నాడు. మంచి చెయ్యి, ఆవిడ గీసిన లైన్‌కు మళ్లీ దిద్దే పని ఉండేది కాదన్నాడు. మీకు తెలిసినావిడా అని అడిగాడు.

మా అక్క అన్నాను. ఆయన నా మొహంలోకి చూసి, ఇంకేమీ అడక్కుండా వార్డు నంబరు కాగితం మీద రాసిచ్చాడు.

ఏప్రిల్ 9

పోర్ట్ పదిహేడు. ఎడ్జ్, ఎస్.

ఏప్రిల్ 10

బావ బక్కచిక్కిపోయాడు. నన్ను చూసి కోప్పడతాడనుకున్నాను, పక్కకు జరిగి బెంచీ మీద చోటిచ్చాడు. నేను చచ్చినా వాడికి కబురు పంపొద్దని అక్క ఎప్పుడో ఒట్టు వేయించుకుందట. ఆమె వద్దంది, నువ్వు రాలేదు, మధ్యలో నన్నేం చెయ్యమంటావోయ్ అన్నాడు.

అక్క తల ఎడమవైపే ఉండిపోయింది. అటు కూర్చున్నాను. కళ్లు తెరిచే ఉన్నాయి, నామీద ఆగలేదు. కుడిచెయ్యి దుప్పటి మీద ఎవరో మరిచిపోయి వెళ్లిన వస్తువులా ఉంది. తొమ్మిదేళ్లకు నోరు తెరిచి, మిషన్ నువ్వే తీసుకో అక్కా అన్నాను. చాలా మాట్లాడాను. ఒకప్పుడు నేను ఒకటంటే పది అనేది. ఒక్కటీ అనలేదు. ఇది తగవు కన్నా ఘోరంగా ఉంది.

తిరిగొచ్చేటప్పుడు బస్సు దిగాల్సిన చోట దిగలేదు.

ఏప్రిల్ 12

వెళ్లాను. గోడకు చెప్పినట్టే ఉంది. అయినా చెప్పాను.

ఏప్రిల్ 14, ఆదివారం

అక్క నన్ను గుర్తుపట్టింది. చాలాసేపు చూసింది. తర్వాత పళ్లు బిగించి, మెల్లగా, కష్టపడి, మొహం కుడివైపుకు తిప్పేసుకుంది.

ఫిజియోథెరపీ అమ్మాయి పరుగున వచ్చింది. ఆ మెడ అటు తిరగడం ఇదే మొదటిసారట. బావ కళ్లు తుడుచుకున్నాడు. మీరేం చేశారని ఆ అమ్మాయి అడిగింది. ఏమీ చేయలేదు, వచ్చి కూర్చున్నానంతే అన్నాను.

అయితే రోజూ రమ్మంది.