డీజిల్ మిగిల్చిన బావమరిది

కందుకూరు

బావమరిది రాఘవేందర్‌కు ఐలయ్య బావ రాయునది: ఇక్కడ నేను, మీ అక్క రుక్మిణమ్మ క్షేమం. అక్కడ నా లారీ క్షేమమో కాదో ఉన్నదున్నట్టు రాయి.

ఫోన్ చేస్తే నేను సగం తిట్టకముందే సిగ్నల్ లేదంటావు. అందుకే కాగితం పట్టాను. జంగయ్య రోజూ కూరగాయల ఆటోతో శంషాబాద్ వస్తాడు కదా, జవాబు అతని చేతికే ఇవ్వు.

నిన్న అతనే వచ్చి, "అన్నా, నీ లారీ నెత్తిమీది ఇనుప కిరీటం గాయబ్. తుక్కుగూడ కాడ మెల్లగ పోతుంటే నా ఆటోతోనే దాటేసిన" అన్నాడు. నాకు ముద్ద దిగలేదు. నేను నడిపినన్నాళ్లూ బస్సులే పక్కకు తప్పుకునేవి. నడుము పోయి, దవాఖానలో డాక్టరు వద్దన్నాడని నీకు స్టీరింగ్ ఇచ్చాను. ఆటోల వెనక నడపమని కాదు.

ఇట్లు,
లారీ యజమాని ఐలయ్య

తా.క.: వేళకు తింటున్నావా అని మీ అక్క అడగమంది. నేను అడగడం లేదు.

* * *

శంషాబాద్

బావకు రాఘవేందర్ నమస్కారం. లారీ క్షేమం. నేనూ బాగానే ఉన్నాను, నువ్వు అడగకపోయినా.

కిరాయి పెరగడం లేదు, డీజిల్ మండిపోతోంది. ఇలాగే పోతే లారీ అమ్ముకోవాలి. అందుకే ఖర్చు తగ్గించే పని పెట్టుకున్నాను. స్పీడు తగ్గించి ఒకే తీరున నడుపుతున్నాను. ట్రిప్పుకు ముందు టైర్లలో గాలి చూస్తున్నాను. క్యాబిన్ మీద షోకుకు పెట్టిన నీ కిరీటం గాలికి అడ్డం పడి ఇంజన్‌ను వెనక్కి గుంజుతోంది, దింపేశాను. రెండు స్పీకర్ డబ్బాలు, తుప్పు గొలుసులు, సీటు కింద నువ్వు దాచిన పాత గేర్ బాక్సు కూడా దింపేశాను. ఉత్త బరువు మోయడానికి కూడా డీజిల్ కావాలి బావా.

ఇట్లు,
నీ బావమరిది

తా.క.: ఎయిర్‌పోర్టు కార్గో గేటు దగ్గర లోడు కోసం ఆగినప్పుడు ఇంజన్ ఆపేస్తున్నాను. మొదటిరోజు వాచ్‌మన్ పరుగెత్తుకొచ్చి, "ఏంది అన్నా, బండి సచ్చిపోయిందా? నూకాల్నా?" అన్నాడు.

* * *

కందుకూరు

రాఘవేందర్‌కు,

ఇక్కడ నాకు తప్ప అందరికీ క్షేమం.

నాకు డీజిల్ పాఠాలు చెబుతావా? దిగుడు వస్తే న్యూట్రల్ చేసి చుక్క ఖర్చు లేకుండా జారిపోయేవాణ్ణి. అదీ పొదుపంటే! నీ ఎత్తు నాకు అర్థమైంది. పేకాటలో మునిగి లారీని ముక్కముక్కగా అమ్ముకుంటున్నావు. ఎవడో లారీ చుట్టూ తిరిగి టైర్లు తడిమి చూశాడని, నువ్వు పక్కన నిలబడి తల ఊపావని జంగయ్య కళ్లారా చూశాడు. కొనేవాడే కదా!

"నా తమ్ముడు గట్ల చేయడు, జర ఆగు" అని మీ అక్క అంటోంది. నేను ఆగను. తాళంచెవి పంపు. లేకపోతే నేనే వస్తాను.

ఇట్లు,
ఇంకా యజమానినే అయిన ఐలయ్య

తా.క.: ఆ గేర్ బాక్సు నా మొదటి లారీది. దాన్ని తూకానికి వేసి ఉంటే నీతో మాట కూడా బంద్.

* * *

శంషాబాద్

బావకు నమస్కారం, కోపంతోనే.

తాళంచెవి పంపను. ఏం చేస్తావో చేసుకో. టైర్లు తడిమినవాడు కొనేవాడు కాదు, మెకానిక్. చక్రాలు వంకరగా ఉంటే టైరు ఊరికే అరిగిపోతుందని సరిచేయించాను. దిగుడులో న్యూట్రల్ చేస్తే బ్రేకులు కాలిపోతాయి. గేరులో ఉంచి యాక్సిలరేటర్ వదిలితే ఈ ఇంజన్ డీజిల్ తాగదు. నీ పొదుపుతో నువ్వు బతికి ఇంటికి రావడమే మా అక్క అదృష్టం.

నేను పేక పట్టలేదు. లారీ నిలవాలని చూస్తుంటే దొంగనన్నావు. నాకు చాలా బాధైంది. నమ్మకపోతే రా, ఒక్క కర్నూలు ట్రిప్పు నా పద్ధతిలో నువ్వే నడుపు. డీజిల్ మిగలకపోతే నేనే లారీ దిగిపోతాను.

ఇట్లు,
దొంగ కాని రాఘవేందర్

తా.క.: గేర్ బాక్సు అమ్మలేదు. మైలార్‌దేవ్‌పల్లిలో నా గది తలుపు గాలికి కొట్టుకోకుండా అడ్డం పెట్టాను. బాగా పనిచేస్తోంది.

* * *

కార్గో గేటు

ప్రియమైన రాఘవేందర్‌కు,

నువ్వన్నట్టే లారీ నేనే నడిపి, నిన్న కర్నూలు నుంచి వచ్చాక నువ్వు నా నోటి నుంచి ఒక మాట కోసం చూశావు, నేను చెప్పలేదు. ఇప్పుడు నువ్వు టిఫిన్‌కు వెళ్లావు కాబట్టి రాస్తున్నాను. డీజిల్ మిగిలింది. నిన్ను దొంగ అన్నందుకు నా నోరు పడిపోవాలి.

 స్టీరింగ్ పట్టగానే కళ్లలో నీళ్లొస్తే దుమ్ము అన్నాను, నువ్వు నమ్మావు. నువ్వు చక్రాలు సరిచేయించావు కదా, కుదుపు లేదు, నడుము నొప్పి లేదు. డాక్టరు వద్దన్నాడని ఇన్నేళ్లు అరుగు మీద కూర్చొని చచ్చిపోయాను. ఇక కూర్చోను. ఆ డాక్టరు వచ్చి లారీకి అడ్డం పడుకున్నా సరే.

నీ పద్ధతే పట్టి ఖర్చులన్నీ వెతికాను. ఇంకొక్కటే మిగిలింది. రోజూ ఒక్క ప్లేటు బిర్యానీతో తృప్తిపడని డ్రైవరు. దింపేస్తున్నాను.

లోడు అయింది, కదులుతున్నాను. వెనక పరుగెత్తకు. నేను మెల్లగానే నడుపుతాను గానీ నీ ఒళ్లు సహకరించదు.

ఇట్లు,
డ్రైవర్ ఐలయ్య

తా.క.: పొద్దున జంగయ్య ఆటోలో వచ్చిన మీ అక్క పక్క సీట్లో ఉంది. "నువ్వు ఊరూరు తిరుగుతుంటే నేనేంది, పేడ ఎత్తుకుంట కూసోవాల్నా?" అని ఎక్కేసింది. క్లీనర్ ఖర్చూ మిగిలింది.

ఇంకో తా.క.: జంగయ్య ఆటో నీ కోసమే ఆగి ఉంది, ఎక్కి కందుకూరు వెళ్లు. సాయంత్రం రెండు బర్రెల పాలు పిండాలి. వాటి దాణా మాత్రం తగ్గించకు. అవి ఆగి ఉన్నప్పుడు కూడా తింటాయి.