తెలుగులో దొరకని మాట

ఫాదర్ గారూ,

మీరు పోయి ఎనిమిది వందల ఏళ్ళు దాటాయి. ఇది మీకు అందదని తెలిసే రాస్తున్నాను. యూరప్‌లో స్లావ్ జాతులు క్రైస్తవంలోకి ఎలా మారాయో మీరు రాసిపెట్టిన చరిత్ర మీద మా అమ్మాయి ఇక్కడ ఆస్ట్రేలియాలో, టూవూంబా యూనివర్సిటీలో ఎస్సే రాసింది. ఇవాళ కారులో నాకు చదివి వినిపిస్తూ ఆగింది.

"అమ్మా, పేగన్‌ని తెలుగులో ఏమంటాం?"

ఎంత ఆలోచించినా మాట దొరకలేదు. "ఇంతకీ క్రైస్తవంలోకి మారకముందు వాళ్ళేం చేసేవాళ్ళే?" అన్నాను.

"దే వర్షిప్‌డ్ ట్రీస్. ఇంటికొచ్చినవాళ్ళకి ఫుడ్ పెట్టకుండా పంపేవాళ్ళు కాదంట."

"అయితే మనమేనే!"

అది నవ్వలేదు. మిగతాది చదివింది. వాళ్ళింట్లో కడుపునిండా తిన్నారట మీరు. ఆ తర్వాత వాళ్ళు దేవుడిగా కొలిచే చెట్ల తోపు కంచె విరగ్గొట్టడంలో మీరూ ఓ చెయ్యి వేశారట. చాలా కోపం వచ్చింది. కానీ ఆ భోజనం సంగతి దాచేసినా అడిగేవాళ్ళు లేరు. మీరు దాచలేదు, వాళ్ళంత మర్యాదస్తులు లేరని మెచ్చుకుంటూ రాశారు. అక్కడే నా కోపం సగం చల్లారింది.

మా ఇంటికొస్తే మీకూ భోజనం పెడతాను ఫాదర్ గారూ. పెరట్లో తులసి కుండీ జోలికి మాత్రం వెళ్ళకండి.