వడ్ల బస్తాల మధ్య హోమ్ థియేటర్

ఆదివారం రాత్రి, సిరొంచ

అహేరి నుంచి మరిది వచ్చాడు. నేను తెప్పించిన చవక హోమ్ థియేటర్ రిసీవర్‌ను చూడగానే ఫోన్ తీసి, కొన్నవాళ్ల అభిప్రాయాలు చదవడం మొదలుపెట్టాడు.

“వదినె, అందరు గుడగుడ మోతనే అని రాసిండ్రు. మాట ఒక్కటి సమజ్ కాదట. వాపస్ పంపెయ్.”

“ముందుగాల విను,” అని సినిమా పెట్టాను. ప్రతి మాటా విడివిడిగా వినిపించింది. అతని మొహం చూడాల్సిందే! కాసేపు గోడల వెంట పేర్చిన వడ్ల బస్తాలను తేరిపార చూశాడు.

“గీ బస్తాలే మోతను మింగుతున్నయ్. వడ్లు అమ్మినంక తెలుస్తది నీకు.”

ఆ మాట అప్పటి నుంచి గుచ్చుతోంది. వచ్చే వారం వ్యాపారి ట్రాక్టర్ వస్తుంది. గది ఖాళీ అయ్యాక నిజంగానే మోత మొదలైతే... కానీ, చూద్దాం! అటక మీద పాత బొంతలున్నాయి, గోడలకు వేలాడదీస్తాను. ఈ ఇంట్లో నేను మెచ్చి తెచ్చుకున్న వస్తువు ఇదొక్కటే. వాపస్ పంపే ప్రసక్తే లేదు.

ఇందాకే నేనూ నా అభిప్రాయం రాశాను. ఐదు స్టార్లు ఇచ్చి, కింద ఇలా పెట్టాను: “డబ్బా మంచిదే. మీ ఇండ్లల్లనే వడ్లు లెవ్వు.”