ఉప్పుమడిలో గుమ్మడికాయ

మంగళవారం రాత్రి, యూసుఫ్‌గూడ

నేను తెచ్చిన లొకేషన్ ఫోటోలు అందరికీ నచ్చాయి. మంచుకొండల నడుమ నది లోయ, ఒడ్డంతా ఉప్పు ఊటల నీళ్ళు ఎండగట్టే ఉప్పుమడులు, మెట్లుమెట్లుగా. ఆఖరి పాట అక్కడే అన్నారు. సంతోషించేలోపే నిర్మాతగారు, "షూటింగ్ అయ్యాక గుమ్మడికాయ కూడా ఆ ఉప్పు మీదే కొడదాం. తెలుపు మీద కుంకుమ భలే ఉంటుందయ్యా!" అన్నారు.

"వాళ్ళు తినే ఉప్పండీ అది," అన్నాను.

"ఒక్క మడేగా, కొనేద్దాం."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, ఛీ.

పోయినవారం ఆ మడిలో దిగబోతే, అక్కడి పెద్దావిడ నా బూట్లు విప్పించి కాళ్ళు కడిగించింది. రేపు ఆవిడకి ఫోన్ చేసి ఒప్పించాల్సింది నేనే.

సినిమాకి దిష్టి తగలకూడదని గుమ్మడికాయ కొడతాం, సరే. వాళ్ళ ఉప్పుకి మా దిష్టి తగిలితే, ఏం కొట్టి ఆ దిష్టి తీసుకుంటారు?