గోడ అవతలి మగ్గాల చప్పుడు

లింబాయత్, సోమవారం

నర్సింగం బావకు గోడ ఇవతల నుంచి రఘుపతి నమస్కారాలు.

మన మధ్య మాటలు బందైనా, మీ ఇంటావిడ మా అక్కే కాబట్టి ఈ ఉత్తరం ఆమె చేతికిస్తున్నాను. ఎక్కడో లైనుకు దెబ్బ తగిలి కరెంటు ఒక్క క్షణం పోయి వస్తే నా మరమగ్గాలన్నీ ఆగిపోతున్నాయి. మళ్లీ స్విచ్చులు వేస్తే మోటార్లు మూలుగుతాయే తప్ప తిరగవు. సరిగ్గా అప్పుడే మీ షెడ్డులో మగ్గాలు మోగుతాయి. ఇద్దరిదీ ఒకే ట్రాన్స్‌ఫార్మరు కదా, ఇదెలా సాధ్యం? నాకు కడుపు మండుతోంది బావా.

మీ బామ్మర్ది
రఘుపతి

తా.క.: మక్క గారెలు బాగున్నాయి. చేసింది అక్క కాబట్టి మెచ్చుకుంటున్నాను.

*

బుధవారం

రఘుపతికి ఆశీస్సులు.

కరెంటు మనిషిని చూసి వస్తుంది, నేనేం చేయను? వైర్‌మన్ సోమలింగం మనిద్దరికీ చెప్పాడు. "మోటరు షురువైనప్పుడు బగ్గ కరెంటు గుంజుతది. అన్ని ఒక్కపారే ఏస్తే వోల్టేజి యాడ లేస్తది? ఒక్కొక్కటి ఏసుకోండ్రి." నీకు ఓపిక తక్కువ.

ఇట్లు
నర్సింగం

తా.క.: మూలిగే మోటార్లకు శొంఠి కషాయం పట్టించి చూడు.

*

శుక్రవారం

బావకు నమస్కారం పెట్టాలని లేదు, అక్క కోసం పెడుతున్నాను.

ఒక్కొక్కటే వేద్దామని కూర్చున్నాను. గోడ అవతల మీవన్నీ ఒక్కసారే మోగితే చేతులు ఊరుకుంటాయా? అన్నీ వేశాను, అన్నీ ఆగాయి. అప్పుడే సేఠ్ గల్లీలోకి వచ్చాడు. నా షెడ్డు మూగగా ఉండటం, మీది మోగటం విని నా చీరల ఆర్డరు మీకిచ్చి పోయాడు. అది పోతే నేను షెడ్డు మూసుకోవాల్సిందే. మీరు దొంగతనంగా వేరే వైరు లాగించుకున్నారు. రేపు గోడెక్కి చూస్తాను.

రఘుపతి

తా.క.: నిచ్చెన మీ ఇంటిదే. అక్క ఇచ్చింది.

*

శుక్రవారమే, సాయంత్రం

రఘుపతీ, గోడెక్కకు.

వేరే వైరు లేదు. నా మగ్గాలూ ఆగే ఉంటాయి. నువ్వు ముందు మొదలుపెడతావేమోనని నేనూ అన్నీ ఒక్కసారే వేస్తాను. రెండు షెడ్లూ కలిసి గుంజితే వోల్టేజీ లేవలేకపోతోంది. నువ్వు విన్న చప్పుడు ఫోనులో రికార్డు చేసింది. బ్యాటరీ స్పీకరును గోడకు ఆనించి పెడుతున్నాను. నీ షెడ్డు నాకంటే ముందు నడిస్తే భరించలేను, అదీ సంగతి. కానీ స్పీకరు చీరలు నేయదు కదా. ఆర్డరు నువ్వే తీసుకో. ఇకపై కరెంటు రాగానే ముందు నేను వేసుకుంటాను, నావి వేగం అందుకున్నాక నువ్వు వెయ్యి. మీ అక్కకు మాత్రం చెప్పకు.

నీ బావ
నర్సింగం

తా.క.: తమ్మీ, నేను విజయశ్రీని. మోసేదాన్ని నేనే కదా, అన్ని ఉత్తరాలూ చదివాను. స్పీకరు బీరువాలో పెట్టి తాళం వేశాను. రేపు కరెంటు వస్తే ముందు నీ మగ్గాలే వేసుకో. అవన్నీ నడిచేదాకా మీ బావ చేతులు కట్టుకుని వింటారు. నేను పక్కనే కూర్చుంటాను.