జోడు బొమ్మలు

బుదైయా, బహ్రెయిన్

భూలక్ష్మీ, నేను బాగానే ఉన్నాను. ఫోన్‌లో చెబితే మధ్యలోనే ఏడుస్తావని కార్డు రాస్తున్నాను.

నేను పనిచేసే ఇంటి ఇంగ్లండు మేడం పోయిన నెల చనిపోయింది. ఆమె అద్దాల బీరువాలో రెండున్నర వందల ఏళ్ళ నాటి పింగాణీ బొమ్మల జోడు ఉండేది, జానెడంత. గొర్రెలు కాసే పిల్లవాడు మెడ పక్కకు తిప్పి పిల్లనగ్రోవి ఊదుతుంటాడు. పక్కన ఆడపిల్ల గొర్రెపిల్లను ఒళ్ళో పెట్టుకుని వింటుంటుంది. నిన్న మేడం కొడుకూ కూతురూ చెరొక బొమ్మ పంచుకున్నారు. నేనే దూదిలో చుట్టి వేర్వేరు డబ్బాల్లో పెట్టాను. మన జిల్లా నుంచే వచ్చిన డ్రైవరు రషీద్ భాయ్ చూసి, "ఇగ గా పోరడు ఎవలి కోసం ఊదుతడు లింబన్నా?" అన్నాడు.

తమ్ముడూ మరదలూ పోయాక వాళ్ళ పిల్లల్లో సహస్రను మనం, వర్షిత్‌ను వాళ్ళ మేనమామ పెంచాలని పెద్దలు అనుకున్నారు కదా. వద్దు. ఇద్దరూ మనింట్లోనే ఉంటారు. నాకు జింజ్‌లో వేరే ఇంట్లో పని దొరికింది, ఇంకొన్నేళ్ళు ఇక్కడే ఉంటాను. మేనమామకు కోపం రాకుండా నువ్వే చెప్పు. వంటింటి కప్పు ఇంకా కురుస్తోందా?

పిల్లలకు నా దీవెనలు. ఇద్దరి మంచాలు పక్కపక్కనే వెయ్యి. వర్షిత్ మెడ తిప్పితే చెల్లెలు కనబడాలి.

లింబాద్రి